మరిచలత: పశ్చిమాద్రి వర్షారణ్యాలలో దాని స్వరూప స్వభావాలు

మిరియము ఎరుగని తెలుగు ఇల్లు లేదు. చారులో, పులిహోరలో, పొంగలిలో, పడిశము పట్టినపుడు కాచే కషాయంలో అది నిత్యమూ వాడబడుతూనే ఉన్నది. శొంఠి, పిప్పలి, మిరియము అనే మూడింటి కూడికయైన త్రికటుకము ఆయుర్వేద యోగాలలో అడుగడుగునా కనబడుతుంది. కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (క్రీ.శ. 1244) సుంకము విధింపదగిన సరకులలో మిరియాలను కూడా పేర్కొన్నది. ఇంతటి ప్రసిద్ధి గల ఈ ద్రవ్యము గింజగా తెలిసినంతగా లతగా తెలియదు. ఆ గింజ పుట్టే తీగ ఎట్టిది? అది ఎక్కడ, ఏ విధంగా పెరుగుతుంది? దాని పువ్వు ఎటువంటిది? దాని వంశము ఎట్లా నిలుస్తున్నది? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిస్తే ప్రాచీన నిఘంటువులలోని కొన్ని చిక్కులు విడిపోతాయి. అంతకంటె ముఖ్యంగా, ఈ లతకు నేడు కలుగుతున్న ఆపద ఎటువంటిదో కూడా బోధపడుతుంది.

నామవిచారము

అమరసింహుడు తన నామలింగానుశాసనంలో పిప్పలిని వనౌషధి వర్గంలోను, మరిచాన్ని వైశ్యవర్గంలోను చెప్పాడు. రెండూ ఒకే కుటుంబానికి చెందిన లతలే. రెండింటి ఫలాలూ కారమైనవే. అయినా ఒకటి అడవిలోని ఓషధులతో, మరొకటి వర్తకుల అంగడిలోని వేసవారములతో కలిసి కనబడడం యాదృచ్ఛికము కాకపోవచ్చు. పిప్పలికి మాగధి, వైదేహి అనే పేర్లు ఉన్నాయి. మగధ, విదేహ దేశాల వారికి అది కండ్లయెదుట పెరిగే మొక్క. మరిచము దూరపు దక్షిణదేశపు కొండలనుండి మూటలలో వచ్చిన సరకు. దానికి గల ధర్మపత్తనము అనే పర్యాయపదము ఒక పట్టణపు పేరు వంటిది. అడవిలో పండిన వస్తువుకు పట్టణము పేరు ఏర్పడిందంటే, అది విపణి ద్వారానే పరిచితమైనదని ఊహించవచ్చు. అయితే మరికొన్ని నిఘంటువులలోని వల్లిజము అనే పేరు దీని జన్మను సూటిగా చెబుతున్నది. వల్లినుండి, అనగా తీగనుండి పుట్టినది అని దాని అర్థము.

ఈ రెండు ద్రవ్యాల పేర్లలో మరొక విశేషము గమనింపదగినది. కృష్ణా అంటే పిప్పలి, కృష్ణము అంటే మరిచము. ఉషణా అంటే పిప్పలి, ఊషణము అంటే మరిచము. కోలా అంటే పిప్పలి, కోలకము అంటే మరిచము. స్త్రీలింగరూపము ఒక లతను, నపుంసకలింగరూపము వేరొక లత ఫలాన్ని బోధిస్తున్నాయి. నామాలతోపాటు లింగాలను కూడా శాసించిన గ్రంథము వైద్యునకు ఎంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది. ఒక్క ప్రత్యయము తప్పితే యోగంలో ద్రవ్యమే మారిపోతుంది.

ఈ వివేకము పాశ్చాత్యదేశాలలో చిరకాలము లేదు. క్రీస్తుపూర్వపు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ మిరియాలు గుండ్రనివి, పొడుగైనవి అని రెండు విధాలని గుర్తించాడు. కాని క్రీ.శ. మొదటి శతాబ్దివాడైన రోమను రచయిత ప్లినీ పిప్పలి, తెల్లమిరియము, నల్లమిరియము మూడూ ఒకే చెట్టు కాయల భిన్నదశలని వ్రాశాడు. ఏడవ శతాబ్దివాడైన ఇసిడోర్ పాములను తరుమడానికి అడవికి నిప్పు పెట్టడంచేత మిరియాలు నల్లబడుతాయని వ్రాశాడు. గ్రీకు, లాటిన్ భాషలలో మిరియాన్ని తెలిపే పెపెరి, పైపర్ అనే మాటలు సంస్కృతపు పిప్పలీ శబ్దమునుండి వచ్చినవే. ఒక లత పేరు మరొక లత ఫలానికి స్థిరపడడం ఈ గందరగోళానికి గుర్తుగా మిగిలిపోయింది.

తెలుగులో మిరియము, తమిళంలో మిళగు, మలయాళంలో ములకు అనేవి పరస్పరము సంబంధించిన పదాలు. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి రాకతో అమెరికాఖండపు కారపుకాయ మనదేశానికి వచ్చినపుడు, దానికి కొత్త పేరు వెదకవలసిన పని లేకపోయింది. మిరియపు కారాన్ని తలపించే కాయ గనుక అది మిరపకాయ అయింది. తమిళులు మిళగాయ్ అన్నారు. వృక్షశాస్త్రరీత్యా ఈ రెండింటికీ ఏ బంధుత్వమూ లేదు. మిరప వంకాయ, టమాటాల కుటుంబానిది. మిరియము తమలపాకు కుటుంబానిది.

జన్మస్థానము

ఈ లతను లిన్నేయస్ 1753లో పైపర్ నైగ్రమ్ అని నామకరణము చేశాడు. అంతకు ముందే, 1678 – 1693 సంవత్సరాల మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో పన్నెండు సంపుటాలుగా వెలువడిన హోర్టస్ మలబారికస్ అనే గ్రంథంలోని ఏడవ సంపుటము (1688) దీనిని మలయాళ నామంతోనే, అనగా ములకుకొడి అనే పేరుతో, చిత్రసహితంగా వర్ణించింది. కొడి అంటే తీగ.

దీని పుట్టినిల్లు పశ్చిమకనుమలు. తపతీనది దక్షిణమునుండి కన్యాకుమారి సమీపము వరకు సుమారు 1600 కిలోమీటర్ల పొడవున సాగిన ఈ పర్వతశ్రేణి నైరుతి ఋతుపవనానికి అడ్డుగోడవలె నిలుస్తుంది. సముద్రముమీదుగా వచ్చిన మేఘాలు పడమటి వాలున కురిసి, తూర్పువైపునకు వచ్చేసరికి చాలావరకు రిక్తమవుతాయి. పడమటి వాలున నిత్యహరితారణ్యము దట్టంగా పెరిగింది. కేరళ, కర్ణాటక ప్రాంతాల ఈ అడవులలో, సముద్రమట్టానికి కొద్ది ఎత్తునుండి సుమారు 1200 మీటర్ల వరకు, అడవిమిరియపు తీగలు చెట్లను పెనవేసుకొని కనబడతాయి.

ఈ లతకు ఏటా 2000 నుండి 3000 మిల్లీమీటర్ల వర్షపాతము అనుకూలము. అయితే దాని వేళ్ళు నేల పైపొరలలోనే వ్యాపించే సున్నితమైన వేళ్ళు. నీరు నిలిచిన చోట అవి కుళ్ళిపోతాయి. సమృద్ధిగా వాన కావాలి, కాని వాననీరు నిలువరాదు. ఈ రెండు అవసరాలూ పరస్పరవిరుద్ధాలుగా తోస్తాయి. కొండవాలు ఈ విరోధాన్ని పరిహరిస్తుంది. కురిసిన నీరు ఆకుల కుళ్ళుతో మెత్తబడిన మన్నును తడిపి పల్లానికి జారిపోతుంది. మహావృక్షాల నీడ నేలను ఎండిపోనీయదు. కొండ, వాన, చెట్టు ఈ మూడూ కలిసిన చోటే ఈ లత సహజంగా పుట్టింది.

ఆరోహణవిధానము

సుశ్రుతసంహిత స్థావరాలను వనస్పతులు, వృక్షాలు, వీరుధములు, ఓషధులు అని నాలుగు విధాలుగా విభజించింది. ఫలపాకాంతంలో నశించేవి ఓషధులు. ప్రాకేవి, గుబురుగా పెరిగేవి వీరుధములు. ఈ విభాగము ప్రకారము మరిచలత వీరుధము. పండ్లు పండినా అది చావదు. అనేక సంవత్సరాలు బ్రతికి, మొదలు కట్టెబారి, ఏటేటా కాపు కాస్తుంది. ఆధారము దొరికితే పది మీటర్లకు మించి కూడా ప్రాకుతుంది.

లతలు చెట్టెక్కే విధానాలు పలు రకాలు. చిక్కుడు, శంఖపుష్పము కాండముతోనే ఆధారాన్ని చుట్టుకొంటాయి. దోస, కాకర నులితీగలతో పట్టుకొంటాయి. మరిచలత వీటివలె కాక వేళ్ళతో ఎక్కుతుంది. కాండముమీద ప్రతి కణుపు కొంచెము ఉబ్బి ఉంటుంది. ఆ కణుపునుండి పొట్టి అబ్బురపు వేళ్ళు గుంపుగా పుట్టి చెట్టు బెరడును గట్టిగా అంటుకొంటాయి. ఈ వేళ్ళు బెరడు లోనికి చొచ్చుకొని పోవు. చెట్టు సారాన్ని పీల్చవు. కనుక బదనికవలె ఇది పరాన్నజీవి కాదు. చెట్టు దీనికి ఆశ్రయమేకాని ఆహారము కాదు. తన ఆహారాన్ని నేలలోని వేళ్ళతోను, ఆకులతోను అదే సంపాదించుకొంటుంది. తోటలలో దీనిని బాడిద, పనస, పోక మొదలైన చెట్లమీద ప్రాకించడానికి కారణమిదే. గరుకు బెరడుగల చెట్లమీద పట్టు బాగా కుదురుతుంది.

ఈ లతకు గల కొమ్మలన్నీ ఒకే స్వభావము కలవి కావు. మొదటివి ఆరోహణశాఖలు. ఇవి నిలువుగా పైకి పెరుగుతాయి. వీటి కణుపులకే పట్టువేళ్ళు ఉంటాయి. వీటి కొనమొగ్గ ఎడతెగక పెరుగుతూనే ఉంటుంది. రెండవవి ఫలశాఖలు. ఇవి ఆరోహణశాఖల కణుపులలోనుండి పుట్టి పక్కలకు అడ్డంగా పెరుగుతాయి. వీటికి పట్టువేళ్ళు ఉండవు. పూత, కాపు వీటిమీదనే. మూడవవి నేలతీగలు. ఇవి మొదలునుండి బయలుదేరి భూమిమీద ప్రాకుతూ కణుపుకణుపునా వేరు పెట్టి, ఒక చెట్టును చేరగానే పైకెక్కనారంభిస్తాయి. ఇవిగాక పైనుండి కిందికి వేలాడే తీగలు కూడా కొన్ని ఉంటాయి.

ఈ భేదము ఎంత స్థిరమైనదో ఒక విషయము చెబుతుంది. నేలతీగనుండి కోసిన ముక్కను నాటితే అది చెట్టెక్కే లత అవుతుంది. ఫలశాఖను కోసి వేరు పెట్టించి నాటితే అది ఎక్కదు. కుండీలో పొదవలె పెరిగి అక్కడే కాపు కాస్తుంది. ఒకే మొక్కలోని రెండు కొమ్మలు వేరుపడిన తరువాత కూడా తమతమ నడకను మరువవు. తోటలలో తీగలను వర్ధిల్లజేయడానికి రైతులు నేలతీగ ముక్కలనే ఎన్నుకోవడం ఈ స్వభావాన్ని బట్టియే.

పత్రము

ఆకులు కణుపుకొకటి చొప్పున మార్చిమార్చి పుడతాయి. చూపునకు తమలపాకును పోలి ఉన్నా, అంతకంటె దళసరిగా ఉంటాయి. పైభాగము ముదురు పచ్చగా నిగనిగలాడుతుంది, అడుగుభాగము వెలిసినట్లుంటుంది. అంచు నునుపు. మొదలునుండి అయిదు మొదలు ఏడు వరకు ప్రధానమైన ఈనెలు విల్లువలె వంగి కొనవైపు సాగుతాయి. ఆరోహణశాఖమీది ఆకు హృదయాకారాన్ని, ఫలశాఖమీది ఆకు అండాకారాన్ని పొందడం సాధారణము. ఒకే తీగలో ఆకు ఇట్లా మారడంచేత, ఆకును మాత్రమే చూచి జాతిని నిర్ణయించడం ప్రమాదకరము. ఆకు కొన సన్నగా సాగి ఉంటుంది. వర్షారణ్యపు మొక్కలలో తరచుగా కనబడే ఈ కొన నీటిని ఆకుమీద నిలువనీయక త్వరగా జార్చివేస్తుంది.

పుష్పము

వేసవి చివర తొలకరి పడగానే లత చిగురిస్తుంది. ఫలశాఖమీద కొత్త ఆకుతోపాటు దానికెదురుగా ఒక సన్నని కంకి వెలువడుతుంది. సాధారణంగా పువ్వు ఆకు పంచలో పుడుతుంది. ఇక్కడ మాత్రము ఆకుకు ఎదురుగా పుట్టినట్లు కనబడుతుంది. దీనికి కారణము ఫలశాఖ పెరిగే తీరులో ఉన్నది. ఆ శాఖ కొనమొగ్గయే కంకిగా మారిపోతుంది. దాని పక్కనున్న ఆకు పంచలోని మొగ్గ పెరుగుదలను అందుకొని శాఖను ముందుకు సాగిస్తుంది. కొన అయిన కంకి పక్కకు నెట్టబడి ఆకుకెదురుగా నిలుస్తుంది. ప్రతి కణుపులోను ఇదే వరుస.

కంకి కిందికి వేలాడుతూ ఉంటుంది. దానిమీద సామాన్యంగా 50 నుండి 150 వరకు పువ్వులు ఉంటాయి. అవి పువ్వులని గుర్తించడమే కష్టము. వాటికి రక్షకపత్రాలు లేవు, ఆకర్షకపత్రాలు లేవు, రంగు లేదు. ఒక్కొక్క చిన్న పుచ్ఛము మరుగున ఒక అండాశయము, దాని శిరస్సున మూడు నుండి అయిదు చీలికలు గల కీలాగ్రము, పక్కల రెండు లేక అంతకు కొంచెము మించిన కేసరాలు. అంతే పువ్వు. అండాశయంలో ఒకే అర, అందులో ఒకే అండము. కనుక ఒక పువ్వునకు ఒక పండు, ఒక పండునకు ఒక గింజ.

అడవిమిరియానికి, తోటమిరియానికి గల ముఖ్యభేదము ఈ పువ్వులోనే ఉన్నది. అడవిలోని తీగలు చాలావరకు ఏకలింగాలు. ఒక తీగకు పురుషపుష్పాలే, మరొక తీగకు స్త్రీపుష్పాలే. పురుషలత ఎన్నడూ కాయదు. స్త్రీలత సమీపాన పురుషలత లేకపోతే కాయడం దుర్లభము. తోటలలోని రకాలలో ఎక్కువభాగము ఒకే పువ్వులో స్త్రీ, పురుష అంగాలు రెండూ గలవి. అడవిలో ఎక్కడో అరుదుగా పుట్టిన ఉభయలింగ లతలను మనుష్యులు గుర్తించి, వాటి ముక్కలనే తరతరాలుగా నాటుకొంటూ వచ్చినందువలన ఈ మార్పు స్థిరపడినదని శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఏ శాస్త్రగ్రంథమూ చదువని కొండరైతు ప్రతి తీగా కాయాలని కోరి చేసిన ఎంపిక ఇది.

ఈ లింగభేదాన్ని గమనించిన తొలి యూరోపియనులలో ఒకరికి తెలుగుదేశంతో సంబంధమున్నది. 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్ళకముందు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో పనిచేశాడు. ఆ కాలంలో రాజమహేంద్రవరపు సర్కారులోని ఉత్తరపు కొండలలో మిరియపు జాతి లత ఒకటి అడవిగా పెరగడం కనుగొని, సామర్లకోటలో మిరియపు తోటను వేయించాడు. ఆ లతలలో స్త్రీ, పురుష, ఉభయలింగాలు మూడు వేర్వేరు మొక్కలుగా ఉన్నవని గుర్తించి దానికి పైపర్ ట్రయోయికమ్ అని పేరు పెట్టాడు. త్రివిధ గృహములు గలది అని ఆ పేరుకు అర్థము. అది ప్రత్యేకజాతియా, పైపర్ నైగ్రమ్‌లోని భేదమా అన్న విషయంలో తరువాతివారు ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా తూర్పుకనుమలలో కూడా ఈ కుటుంబపు లతలు సహజంగా ఉన్నవని అతని పరిశీలన నిరూపించింది.

ఉభయలింగపుష్పంలో కూడా కీలాగ్రము ముందుగా పక్వమవుతుంది. పుప్పొడి తిత్తులు కొన్ని రోజుల తరువాత పగులుతాయి. రంగు, ఆకర్షకపత్రాలు లేని పువ్వునకు కీటకాల సాయము స్వల్పము. పుప్పొడి జిగటగా ఉండడంచేత గాలి పాత్ర కూడా తక్కువే. కంకులు కిందికి వేలాడి ఉండడంవలన వాననీటి బొట్లు, మంచుబిందువులు పుప్పొడిని పైపువ్వులనుండి కిందిపువ్వులకు, పైకంకులనుండి కిందికంకులకు చేర్చడానికి తోడ్పడుతాయి. పూత సమయంలో సన్నని వాన ఎడతెగక కురిస్తే కాపు నిండుగా నిలుస్తుంది. వాన మొదలై మధ్యలో చాలాకాలము తెరపి ఇస్తే కంకులు రాలిపోతాయి.

కేరళదేశంలో ఈ విషయాన్ని గురించి ఒక ఐతిహ్యము ప్రచారంలో ఉన్నది. పోర్చుగీసువారు మిరియపు తీగలను తమ దేశానికి తీసుకొనిపోతున్నారని తెలిసి మంత్రి ఆందోళన చెందగా, తీగలను తీసుకొనిపోవచ్చునుగాని మన తిరువాతిర వానను తీసుకొనిపోలేరు గదా అని కోళిక్కోడు సామూతిరి పలికినాడట. తిరువాతిర అంటే మన ఆరుద్ర. సూర్యుడు ఆర్ద్రానక్షత్రంలో సంచరించే జూన్ చివరి, జూలై మొదటి దినాలు అవి. తెలుగు రైతు ఆరుద్రకార్తె అని లెక్కించే ఆ వానలే మలబారులో మిరియపు పూతను నిలుపుతాయి. ఐతిహ్యపు చారిత్రకత ఎట్లున్నా, అందులోని వృక్షశాస్త్రము యథార్థము. తరువాతి కాలంలో మిరియము స్థిరపడిన ఇండోనేషియా, వియత్నాం, బ్రెజిల్ దేశాల తోటలు కూడా వేడి, వాన గల ఉష్ణమండలపు నేలలలోనే ఉన్నాయి, పోర్చుగల్‌లో లేవు.

ఫలము, బీజము

పూత నుండి పండు పండడానికి ఆరు నుండి ఎనిమిది నెలలు పడుతుంది. పండు తొడిమ లేకుండా కంకిని అంటుకొని ఉంటుంది; నాలుగు నుండి ఆరు మిల్లీమీటర్ల వ్యాసము గల గుండ్రని టెంకగల ఫలము. లేతలో పచ్చగా ఉండి, పసుపురంగుకు తిరిగి, చివరకు ఎర్రబడుతుంది. లోపలి గింజలో ఎక్కువభాగము పరిచ్ఛదమనే పిండిపదార్థము. అంకురచ్ఛదము స్వల్పము, అంకురము అత్యల్పము.

నల్లమిరియము, తెల్లమిరియము, పచ్చమిరియము వేర్వేరు మొక్కలవి కావు. ముదిరి, ఇంకా పండని కాయలను ఎండబెట్టితే తోలులోని ఫినాలు జాతి పదార్థాలు ఎంజైముల చర్యవలన గాలిలోని ఆక్సిజనుతో కలిసి నల్లబడతాయి. తోలు ముడతలు పడుతుంది. అదే నల్లమిరియము. ఇసిడోర్ ఊహించిన అగ్నితో దీనికి పని లేదు. బాగా పండిన పండ్లను నీటిలో నానబెట్టి, మెత్తబడిన తోలును తొలగిస్తే తెల్లమిరియము మిగులుతుంది. ప్రాచీన వైద్యగ్రంథాలు చదివేవారు ఇక్కడ జాగ్రత్త వహింపవలె. శ్వేతమరిచమనే పదానికి తోలు తీసిన మిరియమనే అర్థముతోపాటు మునగవిత్తనమనే అర్థము కూడా నిఘంటువులలో ఉన్నది. సందర్భాన్ని బట్టియే అర్థనిర్ణయము చేయవలె.

మిరియపు కారానికి ముఖ్యకారణము పైపరీన్ అనే క్షారాభము. దీనిని డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు హాన్స్ క్రిస్టియన్ ఎర్‌స్టెడ్ 1819లో వేరుపరచాడు. మరుసటి సంవత్సరము విద్యుత్తునకు, అయస్కాంతత్వానికి గల సంబంధాన్ని కనుగొన్నది ఈతడే. మిరియపు సువాసన మాత్రము వేరొక వర్గానికి చెందిన సుగంధతైలమువలన కలుగుతుంది. తైలము ఆవిరై పోతుంది గనుకనే పాతబడిన మిరియపుపొడికి కారము మిగిలినా వాసన తగ్గుతుంది.

ఎర్రని పండ్లు పక్షులను ఆకర్షిస్తాయి. పక్షులు పండును తిని గింజను దూరాన విడుస్తాయి. కాళిదాసు రఘువంశము నాలుగవ సర్గలో మలయపర్వతపు లోయలను వర్ణిస్తూ, మిరియపు తావులలో హారీతపక్షులు ఎగురుతున్నట్లు చెప్పాడు. మారీచశబ్దానికి మరిచవనమని మన కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానించాడు. హారీతమంటే పచ్చపావురమని సాధారణంగా చెబుతారు. మరిచలత నివాసము మలయాద్రి అనడంలోను, దానికి పక్షులతో పొత్తు కూర్చడంలోను కవి వాక్కు ప్రకృతికి అనుగుణంగానే ఉన్నది.

గింజకు మరొక లక్షణమున్నది. పండునుండి తీసి ఎండబెట్టితే దాని మొలకెత్తే శక్తి త్వరలోనే నశిస్తుంది. అంగడిలో కొన్న మిరియాన్ని నాటితే మొలవదు. వేల సంవత్సరాలు మిరియము ఓడలకెక్కి దేశదేశాలకు పోయినా, ఆ ఎండు గింజలనుండి ఎక్కడా లత పుట్టకపోవడానికి ఇది ముఖ్యకారణము. సరకు పోయింది, వంశము మాత్రము కొండలలోనే నిలిచింది.

సజాతి లతలు

పైపర్ ప్రజాతిలో వేయికి పైగా జాతులు ఉన్నాయి. మనకు పరిచితమైనవాటిలో నాగవల్లి, అనగా తమలపాకు, ముఖ్యమైనది. దాని ఆకుకే ప్రాధాన్యము. పిప్పలి నేలమీద ప్రాకే సన్నని తీగ. దాని పండ్లు విడివిడిగా ఉండక కంకిలో ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. పిప్పలిలో కంకి యావత్తూ ద్రవ్యము. మిరియంలో విడి గింజ ద్రవ్యము. ఈ ఒక్క లక్షణముతో ప్లినీ పొరపాటు తేలిపోతుంది. విశాఖమన్యంలో పిప్పలిని ప్రధానంగా వేరుకోసము పెంచుతారు. ఆ వేరుకే మోడి అని పేరు. చవ్యము కూడా ఈ ప్రజాతిలోనిదే. గజపిప్పలి అనే పేరుతో వ్యవహరింపబడే ద్రవ్యము మాత్రము చేమ కుటుంబపు లతనుండి వస్తుంది. పేరులోని సామ్యము కులసామ్యము కాదు.

లతకు కలిగిన ఆపద

తోటలోని మిరియము ముక్కలనుండి వర్ధిల్లినది. ఒక తీగనుండి తీసిన వేయి ముక్కలు వేయి మొక్కలైనా, స్వభావంలో అవన్నీ ఒకే మొక్క. కాపు సమంగా ఉండడం దీనివలన కలిగే లాభము. ఒక దానికి సోకిన తెగులు అన్నింటికీ సోకడం దీనివలన కలిగే నష్టము. ఫైటాఫ్తొరా అనే శిలీంధ్రసదృశమైన సూక్ష్మజీవివలన కలిగే శీఘ్రవిల్ట్ అనే తెగులు ఇట్టిది. ఆ జీవి బీజాలు నీటిలో ఈదుతూ నేలలోని వేళ్ళను, మొదలును చేరుతాయి. జోరువానల రోజులలో కొద్ది కాలంలోనే తీగ ఆకులు రాల్చి చచ్చిపోతుంది. ఏ వాన లతకు ప్రాణమో ఆ వానయే తెగులుకు వాహనమవుతున్నది. అందుకే నీరు నిలువని వాలునేల ఆవశ్యకత తోటలోను అంతే ఉన్నది.

తెగులును తట్టుకొనే గుణము కావాలంటే భిన్నత్వము కావాలి. భిన్నత్వము గింజనుండి పుట్టిన మొక్కలలోనే విశేషంగా ఉంటుంది. అట్టి మొక్కలు అడవిలో ఉన్నాయి. స్త్రీ, పురుషలతలు వేరువేరుగా ఉన్నందువలన అడవిలో పుట్టే ప్రతి మొలకా ఇద్దరు తల్లిదండ్రుల కలయికయే. రైతు తోటనుండి తొలగించిన లక్షణము అడవిలో వంశరక్షకంగా పనిచేస్తున్నది. కేరళలోని పన్నియూర్ పరిశోధన కేంద్రము ఉదిరన్‌కొట్ట, చెరియకణియక్కాడన్ అనే రెండు నాటురకాలను సంకరపరచి 1971లో విడుదల చేసిన పన్నియూర్–1, సంకరంవలన దిగుబడి ఎంత పెరుగగలదో చూపింది. ఆ రెండు రకాలు రైతుల తోటలలో నిలిచి ఉన్నందువలననే అది సాధ్యమైనది. 2019లో ఈ లత జన్యుపటము పూర్తిగా ప్రకటింపబడినది. 26 జతల క్రోమోసోముల వివరము తెలిసినది. కాని పటము చదవడానికి ఉపకరిస్తుందేగాని, నశించిన తీగను తిరిగి పుట్టించదు.

ఎండిన గింజ మొలవదు గనుక వరి, జొన్నలవలె మిరియపు విత్తనాన్ని డబ్బాలలో భద్రపరచడం సులభము కాదు. బ్రతికిన తీగలనే పోషింపవలె. కోళిక్కోడులోని భారత సుగంధద్రవ్య పరిశోధన సంస్థ అడవి, తోట మిరియాలను ఇట్లే సజీవంగా కాపాడుతున్నది. అయితే ఏ ఉద్యానమూ అడవికి సాటి రాదు. 1984లో జాతీయోద్యానంగా ప్రకటింపబడిన పాలక్కాడు జిల్లాలోని సైలెంట్ వ్యాలీ ఇందుకు నిదర్శనము. జలవిద్యుత్ పథకమువలన మునుగవలసిన ఆ లోయలోని అడవి తీవ్రమైన చర్చల తరువాత నిలిచింది. అచ్చటి అరణ్యమునుండి మిరియపు ప్రజాతికి చెందిన ఒక జాతి 1980 దశకంలో శాస్త్రలోకానికి కొత్తగా పరిచయమై ఆ లోయ పేరునే ధరించింది. లోయ మునిగి ఉంటే ఆ పరిచయానికి అవకాశమే ఉండేది కాదు.

తెలుగునేలకు కూడా ఈ విషయంలో బాధ్యత ఉన్నది. అరకు, చింతపల్లి ప్రాంతాల కాఫీతోటలలో నీడకోసము పెంచిన సిల్వర్ ఓక్ చెట్లమీద నేడు మిరియపు తీగలు ప్రాకుతున్నాయి. గిరిజన రైతులకు అవి ఆదాయాన్నిస్తున్నాయి. రాక్స్‌బర్గ్ పరిశీలించిన లతల బంధువులు తూర్పుకనుమల లోయలలో ఉన్నాయి. తోటతీగను పెంచేవారు అడవితీగను కలుపుమొక్కగా తలచి నరికివేయరాదు. కాయని తీగ పురుషలత కావచ్చును. దానివలననే పక్కతీగ కాస్తున్నది కావచ్చును.

అమరసింహుని కాలంలో మరిచము వర్తకుని సరకుగా తెలిసినది. లత మలయాద్రి అడవిలో క్షేమంగా ఉన్నది. నేడు ఆ లత అంగాంగమూ తెలిసినది. చెట్టు లేనిదే తీగ ఎక్కదు, వాలు లేనిదే వేరు నిలువదు, వాన లేనిదే పూత నిలువదు, పక్షి లేనిదే గింజ దూరము పోదు. ఈ నాలుగింటినీ ఒక్కచోట కూర్చినది కొండ అడవి మాత్రమే. మిరియపు వంశాన్ని రక్షించడమంటే ఆ అడవిని రక్షించడమే.